పైనామె చేతులు

నిన్న మధ్యాహ్నం వాన పడుతుంటే పక్కింటి పిల్లలు మా వరండాలో చేరి అష్టాచెమ్మా మొదలుపెట్టారు. గవ్వలు లేవని చింతపిక్కలు అరగదీసి తెచ్చుకున్నారు. నేను లోపల పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. ఆ పిక్కలు సిమెంటు గచ్చు మీద పడి, దొర్లి, ఆగిన చప్పుడు చెవినపడగానే ఎర్ర పెన్ను పక్కన పెట్టేశాను. అరకులో వాన పట్టుకుంటే దాని హోరు తప్ప ఇంకేదీ వినిపించదు. అయినా ఆ నాలుగు పిక్కల చప్పుడు నాకు విడిగా వినిపించింది. పేపర్లు, మార్కులు అన్నీ మరిచిపోయి, తరవాతి పందెం ఎవరిదా అని చెవులు రిక్కించి కూర్చున్నాను. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నాకు గుర్తొచ్చే మనిషి ఒకరున్నారు, సింహాచలం టీచరు. ఆవిడ పోయి రెండేళ్ళయింది.

నేను బళ్ళో తెలుగు చెప్పుకుంటూ, సెలవుల్లో పిల్లల కోసం అద్భుత కథలు రాస్తుంటాను. లేని కొండలు, లేని రాజ్యాలు, మాట్లాడే జలపాతాలు, వాటన్నిటికీ పైన ఒక దేవత. చదివిన పిల్లలు ఫోన్ చేసి అడిగేది దాదాపు ఒకటే. "మేడమ్, ఆ దేవతకి అంత శక్తి ఉంది కదా, రాక్షసుణ్ణి మొదటి పేజీలోనే చంపెయ్యొచ్చు కదా! ఎందుకలా చూస్తూ కూర్చుంటుంది?" చంపేస్తే ఇంక కథెక్కడిదమ్మా అని నవ్వి తప్పించుకుంటాను. అది నిజమైన జవాబు కాదని నాకు తెలుసు. ఆ దేవత ఎందుకు కూర్చుంటుందో, ఎలా కూర్చుంటుందో నేను చిన్నప్పుడే కళ్ళారా చూశాను. రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద తన బరువంతా వేసి కూర్చుంటుంది.

మాది జి.మాడుగుల నుంచి ఇంకా పైకి, జీపు దిగి గంటన్నర నడిస్తే వచ్చే ఊరు. నేను ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో చదువుకున్నాను. ఐదో తరగతిలో ఉండగా పార్వతీపురం నుంచి సింహాచలం టీచరు బదిలీ మీద వచ్చారు. ఘాట్ రోడ్డు మలుపులకి కడుపులో ఉన్నదంతా కక్కేసుకుని, ముఖం పాలిపోయి, జీపులోంచి దిగిన ఆవిణ్ణి చూసి, ఈమె నెల తిరక్కుండా పారిపోతుందని మంగా నేనూ పందెం వేసుకున్నాం. మంగ నా పక్క మంచం పిల్ల. ఆ పందెం ఇద్దరం ఓడిపోయాం, ఆవిడ ఏడేళ్ళున్నారు. పాఠం చెప్పేటప్పుడు పుస్తకంలో భాషే మాట్లాడేవారు. కోపమొచ్చినా, నవ్వొచ్చినా, ఆకలేసినా మాత్రం పార్వతీపురం బయటికొచ్చేది. "ఒలే సిలకమ్మా, ఏటా రాత? కోడి గెలికినట్టున్నాది" అని నా దస్తూరీని తిట్టినప్పుడు నాకు కోపం రాలేదు, మా ఇంటి మనిషి తిట్టినట్టే ఉంది.

శనివారం మధ్యాహ్నాలు బట్టలుతుక్కున్నాక వరండాలో లోకం ఆట ఆడించేవారు. ఆ ఆట ఆవిడే కల్పించారు. గచ్చు మీద సుద్దతో కొండలు, గెడ్డలనే వాగులు, దారులు గీసేవాళ్ళం. ఒక్కొక్క పిల్లకి ఒక్కో ఊరు. ఊరంటే ఒక గింజల కుప్ప. ఒకరిది రాగుల ఊరు, ఒకరిది కందుల ఊరు, నాది సామల ఊరు. చింతపిక్కలు వేసి, తెల్లవైపు ఎన్ని పడితే అన్ని అడుగులు నడవాలి. ఆటలో మంగ పొగరాయుడు. వాడు రాక్షసుడు. వాడి పొగ ఏ ఊరిని కమ్మితే ఆ ఊళ్ళో మనుషులు వస్తువుల పేర్లన్నీ మరిచిపోతారు. కుండని కుండ అనడం తెలీదు, ఇంటి దారి తెలీదు, చివరికి కన్న పిల్లల పేర్లూ తెలీవు. టీచరు ముక్కాలిపీట మీద కూర్చుని పైనామె అయ్యేవారు. పైనామె ఏమైనా చెయ్యొచ్చు. వేసిన పిక్కలు తిప్పెయ్యొచ్చు, వాన కురిపించి పొగని ఆర్పెయ్యొచ్చు. అది మొదటి రోజే అందరం ఒప్పుకున్న నియమం. ఆట మొదలవగానే ఆవిడ చేతులు తొడల కిందికి పోయేవి.

ఒక శనివారం వరసగా నాలుగు పందేలు నాకు ఒక్కటీ తెల్లగా పడలేదు. మంగ బొగ్గుముక్కతో పొగ గీసుకుంటూ నా సామల ఊరి గడప దాకా వచ్చేసింది. నేను టీచరు వైపు చూశాను. ఆవిడ నన్నే చూస్తున్నారు. ఒక్క వాన చాలు. "టీచరూ, వాన!" అన్నాను. ఆవిడ చేతులు తొడల కిందే ఉన్నాయి. పొగ నా ఊరిని కమ్మేసింది. నేను లేచి ఆ సామల కుప్పని కాలితో ఒక్క తన్ను తన్నాను. గింజలు వరండా అంతా చెల్లాచెదురయ్యాయి.

"పైనామె గుడ్డిదేటి?" అని అరిచాను.

"గుడ్డిది కాదే. సూత్తన్నాది."

"సూత్తే మరి రాదేటి?"

తిండిగింజల్ని కాలితో తన్నినందుకు ఆవిడ చీకటిపడేలోగా ఒక్క గింజ మిగలకుండా ఏరించారు. నేను ఏడుస్తూ ఏరాను, తిట్టుకుంటూ ఏరాను. వారం రోజులు ఆవిడతో మాట్లాడలేదు. ఆ వారమంతా నా బుర్రలో వేరే పనేం లేదు. పొగ ఊదితే నోట్లోంచి పేర్లు పోతాయి సరే, రాసుకున్న పేర్లు ఎలా పోతాయి? వంటగదిలోంచి విస్తళ్ళు కుట్టే అడ్డాకులు పది తెచ్చి, ముల్లుతో ఒక్కో ఆకు మీద ఒక్కో పేరు గీరాను. కుండ, గెడ్డ, గొడ్డలి, అయ్య, మామ్మ, ఇంటి దారి. తరవాతి శనివారం ఆ ఆకుల్ని నా ఊరి చుట్టూ పేర్చి, "మావోళ్ళు సదువుకుంటారు. నీ పొగకి మేం బయపడం" అని మంగతో అన్నాను. ఇలా చెయ్యొచ్చా అని మంగ టీచర్ని అడిగింది. ఆవిడ నా వైపు చూడకుండా "ఆట మీది" అన్నారు. ముఖంలో నవ్వు దాచుకోవడం మాత్రం చేతకాలేదు. ఇవాళ నేను రాసే కథలన్నిటికీ ఆ పది ఆకులే మొదలు. ఆవిడ ఆ రోజు వాన కురిపించి ఉంటే నేను సంతోషంగా చేతులు దులుపుకుని లేచిపోయేదాన్ని, ఒక్క ఆకూ రాసేదాన్ని కాదు.

చైత్రంలో ఇటుకల పండుగకి టీచర్ని మా ఊరు రమ్మన్నాను. ఆ పండుగకి మగవాళ్ళు వేటకి అడవిలోకి పోతారు, ఆడవాళ్ళు దారికి అడ్డంగా వెదురుబొంగు కట్టి వచ్చేపోయేవాళ్ళని ఆపుతారు. ఏదైనా ఇవ్వాలి, లేదా వాళ్ళతో చెయ్యి కలిపి ఆడాలి. ఆవిడకి ఆ సంగతి తెలియదు. ఏదో గొడవ జరిగి రోడ్డు ఆపేశారనుకుని, జీపు దిగి, చీర కొంగు దోపి, "సూడండమ్మా, మీ కష్టమేటో నాకు సెప్పండి, నాను పైవోళ్ళకి కాయితం రాసి పెడతాను" అని ఉపన్యాసం మొదలెట్టేశారు. మావాళ్ళు ఒక్క నిమిషం నోళ్ళు తెరిచి విని, రెండు చేతులూ పట్టుకుని థింసా నాట్యంలోకి లాగేశారు. ఊరి దాకా ఆడుకుంటూనే వచ్చారు. అడుగు తప్పినప్పుడల్లా నవ్వు. అడగని కష్టం తీర్చబోయిన టీచరమ్మ అని మా ఊళ్ళో ఆవిణ్ణి చాలాకాలం ఆటపట్టించారు.

ఆ సాయంత్రం మా ముంగిట్లో మామ్మని ఆవిడ అడిగారు. మామ్మ మా అయ్యకి తల్లి. కొండ మీది మద్దిచెట్టు కింద రాయికి, అంటే మా దేవతకి, ఏటేటా కొత్తలు పెట్టేది ఆమే. కొత్త పంట ఇంట్లో ఎవరూ ముట్టకముందు వండి పెట్టాలి. "మామ్మా, మీ దేవత అంత పెద్దది కదా, మీకింత కష్టముంటే ఎందుకు దిగిరాదు?" అన్నారు టీచరు.

మామ్మ చుట్ట తీసి పక్కన పెట్టింది. "పిలవకుండా ఎలగొత్తాది? నువ్వు పిలవకపోతే నీ బడికి నానొత్తానేటి?"

"మరి పిలవొచ్చు కదా?"

"పిలిత్తే వత్తాది. వచ్చినామె ఉత్తినే ఎల్దు. నానున్నన్నాళ్ళూ నాను పెట్టాల. నా ఎనకాల ఈ ఇంట్లో పుట్టిన ఆడపిల్ల పెట్టాల. అదున్నన్నాళ్ళూ మానకూడదు. అందుకే దగ్గుకీ జొరానికీ పిలవం. నా బతుకులో ఒక్కపాలే పిలిసినాను."

దేనికని అడిగితే, అరుగు మీద వెదురు చీలుస్తున్న మా అయ్యని చూపించింది. పసివాడిగా ఉన్నప్పుడు మూడు రోజులు పాలు ముట్టలేదట. నాలుగో రోజు తాగాడట. మామ్మకి ఇంక పిల్లలు లేరు. ఆ ఇంట్లో పుట్టిన ఒక్క ఆడపిల్లనీ నేనే. టీచరు ఆ లెక్క వేసుకున్నట్టున్నారు, నా వైపు ఒకసారి చూశారు.

ఆ లెక్క నాకు అర్థమైంది పదో తరగతి పాసయ్యాక. కింద మైదానంలో హాస్టలుండే కాలేజీలో సీటొచ్చింది. అయ్య వద్దన్నాడు. చదువంటే కోపం కాదు. "మామ్మ పెద్దదైపోనాది. నువ్వెల్లిపోతే కొత్తలెవులు పెడతారు? ఆ దేవత పెట్టిన బిచ్చం నా పానం" అన్నాడు. నేను కొత్తలు పెట్టకపోతే తను బతకనని అయ్య నిజంగానే భయపడ్డాడు. ఇంటికి ఒక్కసారి రండి టీచరూ అని కబురు పంపాను. ఆవిడ మాటంటే అయ్యకి వేదం. ఏడో తరగతిలో నాకు మలేరియా వచ్చి ఒళ్ళు తెలియకపోతే, నన్ను భుజాన వేసుకుని ఆసుపత్రికి మోసుకెళ్ళి, మూడు రోజులు నా మంచం పక్కనే కూర్చున్న మనిషి ఆవిడ. ఆవిడ ఒక్క మాట అంటే చాలు, నేను కాలేజీలో ఉన్నట్టే.

ఆవిడ పొద్దున్నే వచ్చారు. మామ్మ అంబలి ఇచ్చింది. అయ్య ఎదురుగా గొంతుక్కూర్చుని, "నువ్వు సెప్పు టీచరమ్మా. పంపమంటే పంపుతాను. ఉంచమంటే ఉంచుతాను" అన్నాడు. నా గుండె ఎగిరి గంతేసింది. ఇంక పనైపోయిందనుకున్నాను. టీచరు నెమ్మదిగా అంబలి తాగారు. గిన్నె పక్కన పెట్టారు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నారు. ముంగిట్లో తిరుగుతున్న కోడిని చూస్తూ కూర్చున్నారు.

"నానేటి సెప్పీది బాబూ. అంబలి తాగి పోదారనొచ్చినాను" అన్నారు.

అంత కోపం నాకు మళ్ళీ ఎప్పుడూ రాలేదు. ఆ చేతులు లాగి బయటపడేద్దామనిపించింది. ఎంతసేపు కూర్చున్నామో తెలీదు. అయ్య కళ్ళు దించుకున్నాడు, ఇంక లేచిపోతాడు. లేస్తే ఆ మాట మళ్ళీ మా ఇంట్లో రాదు.

"ఈవిడ సెప్పదు. నాను సెప్తాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఏడాదేడాదికీ కొత్తలికి నానొత్తాను. ఎక్కడున్నా వత్తాను. నా సేత్తో దంచి, నా సేత్తో వండి పెడతాను. నీ పానానికి నాది పూచీ."

"రాకపోతే?"

"వచ్చి జుట్టట్టుకుని ఈడ్సుకొచ్చీయి."

అయ్య టీచరు వైపు చూశాడు. ఆవిడ ఇంకా కోడినే చూస్తున్నారు. అప్పుడు మామ్మ వైపు తిరిగాడు. మామ్మ చాలాసేపు నన్ను చూసి, "మాట దానిది. అదే మోత్తాది. ఎల్లనీ" అంది. అయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళాడు. తరవాతి వారం నా పెట్టె ఆయనే నెత్తిన పెట్టుకుని జీపు దాకా మోశాడు.

ఆ రోజు టీచర్ని రోడ్డు దాకా దిగబెట్టడానికి వెళ్ళాను, దారంతా ముఖం ముడుచుకునే. చివరికి ఉండబట్టలేక, "మీరొక్క మాటంటే అయిపోను కదా?" అని అడిగేశాను. ఆవిడ రోడ్డు పక్కన రాయి మీద కూర్చున్నారు.

"కొయ్యూరులో సేసినప్పుడు ఓ గుంట ఉండీది. నీలాగే సదివీది. వాళ్ళ నాన్న పంపనంటే నానెల్లి కూకుని, బతిమాలి, బెదిరించి మాట తీసుకున్నాను. పంపినాడు. ఏడాది తిరక్కుండా నాకు ట్రాన్స్‌ఫరైపోనాది. ఆ నెల్లోనే ఎల్లి పిల్లని తెచ్చీసుకున్నాడు. మాటిచ్చింది టీచరమ్మకి, టీచరమ్మ ఎల్లిపోనాది కదా అన్నాడంట. ఆ గుంట బస్టాండుకొచ్చి, మళ్ళీ మీరెప్పుడొత్తారు టీచరూ అని అడిగినాది." ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకున్నారు. "నాను రాలేదే. నా మాట నాతోనే వచ్చీసినాది, దాని కాడ ఏటీ మిగల్లేదు."

"మరి జొరమొస్తే మోసుకెళ్ళేరు కదా?"

"జొరంలో నీకు నోరుందేటి? నోరు లేనప్పుడు దిగాల. నోరున్నప్పుడు దిగితే నీ నోరు నాను తీసీసుకున్నట్టే."

అప్పుడది నాకు సగమే ఎక్కింది. కోపం పోవడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది. కాలేజీ, ట్రైనింగు, ఉద్యోగం, పెళ్ళి, కూతురు. ఏ ఏడూ కొత్తలు తప్పలేదు. మామ్మ పోయాక కూడా తప్పలేదు. ఎవరో నా తరఫున ఇచ్చిన మాటైతే ఏదో ఒక ఏడు ఏదో ఒక సాకు దొరికేదేమో. అది నా నోటితో నేను కట్టుకున్న ముడి. వానకి దారులు తెగిపోయిన ఏడు మోకాళ్ళ లోతు బురదలో నడిచి వెళ్ళాను, తిట్టుకున్నది నన్నే.

రెండేళ్ళ కింద టీచరుకి బాగోలేదని తెలిసి పార్వతీపురం వెళ్ళాను. మార్కెట్ యార్డు వెనక చెల్లెలి ఇంట్లో ఉంటున్నారు. చిక్కి సగమయ్యారు. డాక్టర్లు ఇంక మందుల్లేవన్నారని చెల్లెలు వంటింట్లో గుసగుసగా చెప్పింది. నేను తీసుకెళ్ళిన కాఫీపొడి వాసన చూసి, "అబ్బ, కొండెక్కినట్టున్నాదే, ఒక్క వాంతే తక్కువ" అని నవ్వారు. ఇన్నేళ్ళుగా అడగనిది అప్పుడడిగాను. ఆ రోజు నేను నోరిప్పకపోయుంటే?

"గుర్తెట్టుకున్నాను. ఆ కోడి ముంగిలి దాటి చెట్టుకాడికెళ్ళీలోగా నువ్వు మాటాడకపోతే నానే అడిగీదామనుకున్నాను."

"కోడి చెట్టు దాకా వెళ్ళిందా?"

"ఎల్లినాది. ఎనక్కి కూడా వచ్చీసినాది." ఆవిడ కళ్ళు మూసుకున్నారు. "నా సేతులు తిమ్మిరెక్కి సచ్చిపోనాయి. పైనామెకి కూకోడం సులువనుకున్నావేటి?"

నేను ఆ మంచం పట్టె పట్టుకుని భోరున ఏడ్చేశాను. ఇన్నేళ్ళూ ఆవిడ రాయిలా కూర్చున్నారనే అనుకున్నాను. ఏడుస్తూనే అన్నాను, ఈ వారమే కొత్తలు టీచరూ, మామ్మ పిలిచినట్టు నేనూ పిలుస్తాను, మీ కోసం పిలుస్తాను. ఆవిడ దిండు మీంచి లేవబోయారు.

"నీ కూతురెంత?"

"ఆరో తరగతి."

"దాన్నడిగేవా?"

"లేదు."

"మరి?" అన్నారు. ఒద్దని మాత్రం అనలేదు. ఆఖరి దాకా ఆవిడ పద్ధతి అదే.

ఆ వారం కొండెక్కాను. కొత్త సామలు వండి రాయి ముందు పెట్టాను. అయ్య నా వెనక నిలబడ్డాడు. పిలిచే మాటలు నాకొచ్చు, మామ్మ నేర్పింది. అవి గొంతు దాకా వచ్చి ఉన్నాయి. నోరు తెరిస్తే చాలు, నా తరవాత పెట్టాల్సింది నా కూతురే. కింద గెడ్డ దగ్గర నా కూతురు పీతలు పట్టుకుంటూ, జారిపడి, పకపకా నవ్వుతోంది. నేను నోరు తెరవలేదు. దండం పెట్టి దిగి వచ్చేశాను. పదిహేను రోజులకి టీచరు పోయారు. పిలిస్తే బతికేవారేమో. ఈ మాట ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. చేసింది తప్పో ఒప్పో చెప్పే మనిషి లేదు. ఉన్నా ఆవిడ చెప్పేవారు కాదు.

నా కూతురిప్పుడు ఎనిమిదో తరగతి. మొన్న అన్నం తింటూ, "అమ్మా, ఈసారి కొత్తలికి నేను రాను. స్కూల్లో ఆటల పోటీలున్నాయి, విజయనగరం వెళ్ళాలి. నువ్వూ తాతా వెళ్ళి వచ్చేయండి" అంది, కూర వడ్డించమన్నంత తేలిగ్గా. అంత తేలిగ్గా రానని అనగలిగినందుకు నాకు ఏడుపు ముంచుకొచ్చింది. కూర కారంగా ఉందా అని అడిగింది. అవునన్నాను. వెళ్ళమన్నాను.